మూడు శనివారాలు

కెమి ఊళ్లో జూన్ నెలలో రాత్రి రాదు.
పదకొండింటికి కూడా వెలుతురు
షెడ్డు కిటికీకి గుడ్డుసొనలా అతుక్కుని ఉంటుంది.
రంగు వేసేవాడికి ఇంతకన్నా మంచి నెల లేదనుకున్నాను.
దోమల సంగతి మరిచాను.

గిటారు నాదే.
పంతొమ్మిదేళ్లప్పుడు, పేపరు మిల్లు తొలి జీతంతో కొన్నది.
ఆ రాత్రే తలుపులకు వేసే నల్లరంగు
బ్రష్షుతో పులిమేశాను.
ఆ తొందర ముప్పై ఏళ్లు గోడకు వేలాడింది.

ఇప్పుడు పీహ్లా అడిగింది:
"నాన్నా, నీలం చేసిపెడతావా?
ఆకాశం నీలం వద్దు.
మన పాత పడవ నీలం."

తీగలు తీశాను. మెడ విప్పాను.
నాలుగు మరలూ జామ్ సీసా మూతలో.
ఏ వైరు ఎక్కడిదో చీటీలు అంటించాను,
ఈ వయసులో నన్ను నేను నమ్మను గనక.

హీట్ గన్ సెగకు నలుపు బొబ్బలెక్కి
మీగడలా ముడతపడి కత్తి వెంట వచ్చేసింది.
కింద ఆల్డర్ చెక్క,
కాల్చని రొట్టె రంగులో, సిగ్గుపడుతూ.

ఎనభై నంబరు గరుకు కాగితం.
నూట ఇరవై. రెండొందల ఇరవై. నాలుగొందలు.
అంకె పెరిగేకొద్దీ చెయ్యి తగ్గాలి.
గుంట ఉందో లేదో కంటిని అడగకూడదు,
కళ్లు మూసుకుని వేలికొసని అడగాలి.

స్ప్రే డబ్బాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి
లోపలి గోళీ టకటకలాడేదాకా ఊపాను.
మొదలు గాలిలో, ముగింపు గాలిలో;
చెక్క మీద మాత్రం చెయ్యి ఆగకూడదు.
ఒక్కచోట ఆగింది.
కారింది.
ఆ తడి మీదే దోమ వచ్చి వాలింది.
పట్టకారుతో తీశాను. దోమ వచ్చింది,
కాలొకటి రాలేదు.

మా ఇంట్లో దుమ్ములేని గది ఒక్కటే, సౌనా.
దూలానికి తీగ కట్టి అక్కడ వేలాడదీసి
తలుపు మీద రాసిపెట్టాను:
ఇరవై ఒక్క రోజులు. పొయ్యి వెలిగించరాదు.

శనివారం ఆవిరి స్నానం లేకపోవడమంటే
మా వైపు ఏమిటో ఎలా చెప్పను?
యుద్ధంలో కూడా ఆపలేదనేది మా మామ్మ.
నా భార్య కైసు మొదటి వారం నవ్వింది,
రెండో వారం వెళ్లి సముద్రంలో మునిగొచ్చింది,
మూడో వారం మాట్లాడ్డం మానేసింది.

ఆ మూడో శనివారం సాయంత్రం తలుపు చప్పుడు.
పక్కింటి హిల్క్కా, ఎనభై రెండేళ్లు,
నల్ల స్వెట్టరు, చేతుల్లో మూతపెట్టిన గిన్నె.
"మూడు వారాలుగా మీ గొట్టంలో పొగ లేదు,"
అని, గొంతు తగ్గించి,
"ఎవరు?" అంది.

ఆ ఒక్క మాట నాకు చేరడానికి
కాస్త సేపు పట్టింది.

చెయ్యి పట్టి సౌనా దాకా నడిపించాను.
తలుపు తీస్తే
చీకట్లో నీలం, తీగ చివర,
ఎటు చూడాలో తెలియనట్టు మెల్లగా తిరుగుతోంది.
"ఓహో," అంది, "ఇదా మీ శవం."
నేను వద్దనేలోగా బొటనవేలితో నొక్కింది,
కేకు కాలిందో లేదో చూసినట్టు.
అది పంతొమ్మిదో రోజు.

చావింటికని వండిన సాల్మన్ పులుసు
నలుగురం తిన్నాం. ఉప్పు సరిగ్గా సరిపోయింది.
"నువ్వే అనుకున్నా," అంది నాతో,
రెండోసారి వడ్డిస్తూ.

ఆ వేలిముద్ర తీసేయొచ్చు.
రెండువేల నంబరు కాగితం, సబ్బునీళ్లు,
పావుగంట పని.
ముంజేయి ఆనేచోటే కదా, కనబడదులే అంటుంది పీహ్లా.
నేనింకా తేల్చుకోలేదు.

నాలుగో శనివారం పొయ్యి రాజేశాను.
రాళ్ల మీద తొలి గరిటెడు నీళ్లకే
ఆవిరిలోంచి వార్నిష్ వాసన గుప్పుమంది.
కైసు దగ్గుతూ
మూడు వారాల తిట్లు ఒక్కసారే తిట్టింది.
తువ్వాలు చుట్టుకుని బయట మెట్టు మీద కూర్చున్నాను.
గొట్టం మీంచి పొగ నిటారుగా పోతోంది.
అవతల హిల్క్కా కిటికీలో పరదా
కొంచెం తొలగి,
మళ్లీ పడింది.