అరవై దాటాక వచ్చే ఈల

పురసవాకంలో చెవులు పరీక్షించడం నా పని.
గాజు గదిలో మనిషిని కూర్చోబెట్టి
వినబడితే వేలెత్తమంటాను.
సాయంత్రం ఇంటికొచ్చి, కొంగు దోపుకుని,
అదే శ్రద్ధతో లాంచియా బానెట్టు కింద చెవి పెడతాను.
అది వేలెత్తదు.

పెరియమేటు తోళ్ల వ్యాపారి ఇమ్దాదుల్లా సాయిబు
పదకొండేళ్ల కిందట అమ్మాడు నాకు.
"ఇది బండి కాదమ్మా, అత్తగారు" అని చెప్పే అమ్మాడు.
ఆ రోజు నేను దాని ముక్కునే చూస్తున్నాను,
మాట వినలేదు.
మంచుకొండలెక్కి, ఒక దేశంలో కాఫీ తాగి
ఇంకో దేశంలో భోంచేయడానికి పుట్టిందట.
నా చేతికొచ్చాక కెల్లీస్ సిగ్నలు దగ్గర
రెండు పచ్చదీపాలు పోగొట్టుకుని
మూడోదానికి ఆవిరి కక్కుతుంది.

ఆర్టీవో గుమస్తా కాగితంలో "లంచియా" అని రాశాడు.
దిద్దించలేదు. ఏదో తెలిసే రాసుంటాడు.
అప్పట్నుంచి ఇస్తూనే ఉన్నాను:
పుదుపేట ఎబెనేజరుకి,
ఓడెక్కి వచ్చే గాస్కెట్టుకి, ఆ గాస్కెట్టు మీద సుంకానికి,
పిలవకపోయినా ఇంత దూరం వచ్చి
తలుపు అంచులు కొరికిపోయే ఉప్పుగాలికి.
నా రెండు జతల గాజులు దాని గేరుపెట్టెలో తిరుగుతున్నాయి.
రెండో గేరు పడ్డప్పుడల్లా
నాకొక్కదానికే గలగల.

కార్తీకంలో ముసురు పడితే
దాన్ని ఇటుకల మీదికెత్తించి
టార్చి పట్టుకుని మెట్ల మీద కూర్చుంటాను,
నీళ్లు ఎన్ని ఇటుకలు మింగాయో లెక్కపెడుతూ.
"పసిపిల్లకి జ్వరమొచ్చినా ఇంత మేలుకోరు"
అంటాడు మా భక్తవత్సలం.
అంటూనే నాకు టీ, దానికి గొడుగు తెస్తాడు.

మరెందుకూ అంటే,
ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి
పాలవాళ్లు తప్ప ఎవరూ లేని ఈసీఆర్ మీద
మూడు నుంచి నాలుగుకి మార్చినప్పుడు
ఎవరో వెనక నుంచి వీపు మీద మెత్తగా చెయ్యేసినట్టుంటుంది.
యాభై నాలుగేళ్లని
మోకాళ్లు మరిచిపోతాయి.
ముట్టుకాడు నీళ్ల మీదికి వెలుతురు రాకముందే దాటేస్తాం.
జాలరి పిల్లలు చేతులూపుతారు.
నాకు కాదు. తెలుసు. ఏం ఫరవాలేదు.

ఒక్కటే వెలితి. అరవై దాటితే ఈల.
సన్నగా, నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర.
ఎబెనేజరుకి వినబడదు.
ముప్ఫయ్యేళ్ల రేకు దెబ్బలకి
సరిగ్గా అక్కడే అతని చెవి పోయింది,
పరీక్ష చేసింది నేనే.
అయినా నా మాట మీది గౌరవంతో
కార్బురేటరు మూడుసార్లు విప్పాడు.

పోయిన మాఘంలో నెల్లూరికి బయల్దేరాను,
దేశాలు కాకపోయినా రాష్ట్రమైనా దాటిద్దామని.
ఆరంబాక్కం దగ్గర, తెలుగు బోర్డు కంటికి ఆనుతుండగా,
ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.
పట్నానికి పోతున్న రొయ్యల టెంపో కుర్రాడు మోకు కట్టాడు.
"స్టీరింగు పట్టుకుంటే చాలక్కా."

రోడ్డు ఖాళీగా ఉంది. కుర్రాడు తొక్కాడు.
నలభై. యాభై.
మెల్లగా రా నాయనా అని అరిచాను.
అరవై.
ఈల.

బానెట్టు కింద అంతా చల్లారి ఉంది.
నేనే గాజు గదిలో ఉన్నాను.
వేలెత్తాను.
ఎత్తిన వేలు కిటికీ మూల
ఎండకి బీటలిచ్చిన రబ్బరు మీద పెట్టాను.
ఆగింది.
తీశాను. వచ్చింది.

ముప్ఫై రూపాయల రబ్బరు.
ఎబెనేజరుకి ఏ మొహంతో చెప్పాలో తెలియలేదు.
ముందు టెంపో నుంచి ఐసునీళ్లు అద్దం మీద చిలుకుతుంటే
మాధవరం దాకా
పెడుతూ, తీస్తూ,
పెడుతూ వచ్చాను.