సున్నా చూపించు

దామలచెరువు మండీలో వేబ్రిడ్జి నాది.
నాదంటే, రాత్రి పది నించి తెల్లారి ఆరు దాకా
ఆ కుర్చీ నాది, ఆ ఎర్ర అంకెలు నావి.
లారీకీ లారీకీ నడుమ
ఫోన్లో గోల్ఫ్ ఆడతాను.

ఆ గడ్డి నేను తొక్కింది లేదు.
మా పక్క అంత పచ్చిక ఉంటే
గొర్రెలు ఊరుకుంటాయా?
గాలి మాత్రం తెలుసు నాకు.
ఏ గాలికి కాయ ఎంత దూరం రాలతాదో
అదే లెక్క బంతికీ.

మూడు నెల్లుగా కంచులోనే ఉండాను.
కంచు దాటితే వెండి, ఆపైన బంగారం.
కొందరు కొనుక్కున్న కర్రతో వస్తారు,
రెండువేల రూపాయలు, మూడొందల గజాల దెబ్బ.
వాళ్ళన్నా నయం.
పైన ఆడాల్సినోళ్ళు కొందరు
కావాలని ఓడి ఓడి కిందికి దిగి
మా కంచోళ్ళ మీద బహుమతులు కోసుకుంటారు.
"మంచికాయ పైన పరిచి పుచ్చు అడుగున పెడతారే,
ఆ గంపనే తిరగేసినారు పాపా"
అంటాడు హమాలీ చెంగల్రాయులన్న.

నిన్న రాత్రి, వెండికి ఒక్క గెలుపు చాలు.
అవతల నీలిగద్ద 07. ఆఖరి గుంత.
వాడి బంతి గుంతకు జానెడు.
నాది ఇసుకలో.
వాడు కాసేపు ఆగినాడు,
వెనక్కి తిరిగినాడు,
నేరుగా నీళ్ళలోకి కొట్టినాడు.
ఒకసారి కాదు, నాలుగుసార్లు.

తెర నిండా టపాసులు.
నా పేరు పక్కన తెల్లటి బిళ్ళ.
నేను ఎక్కినానంట.
వాడు దిగడానికి
నన్ను మెట్టు చేసుకున్నాడు.

అప్పుడే హారను. పులిచెర్ల లారీ, తోతాపురి.
కాయల మీదనే పడుకోనొచ్చిన పెద్దాయన
లుంగీ దులుపుకుంటా కిటికీ దగ్గరికొచ్చి
సీజనంతా అందరూ అడిగేదే అడిగినాడు:
"బండి ఎక్కకముందు సున్నా చూపించమ్మా."

చూస్తే ఇరవై కిలోలు.
ఏమీ లేకుండానే ఇరవై.
సాయంత్రం వానకు టైర్లు వదిలిపోయిన బురద.
చీపురు తీసుకొని దిగినాను.
నేను ఊడస్తా ఉంటే ఆయన కాలితో తోసినాడు,
ఇద్దరం మాట్లాడుకోలేదు.
ఇరవై, పది,
పది దగ్గర మొండికేసి,
సున్నా.
"ఇప్పుడు రానీ" అని డ్రైవరుకు చెయ్యూపినాడు.

చీటీ ఇచ్చి మళ్ళీ ఫోన్ తీసినాను.
వెండిలో నా మొదటి పేజీ.
గెలుపులు సున్నా. ఓటములు సున్నా.
అంతవరకూ తూకం సరిగ్గానే ఉండాది.