రాని చెమ్మ

పాదరసం కాస్త పైకెగబాకి ఆగుతుంది.
ఎలుక వెనకకాలు ముంచి తీసి
గళ్ల పుస్తకంలో అంకె రాసుకుంటాను.
మూడో గంట: సున్నా పాయింట్ ఎనిమిది మూడు.
వాపుకైతే అంకె ఉంది.

కిటికీ అవతల అనంతపురం ఎండ
కాలేజీ సైకిల్ షెడ్డు రేకుల్ని చిటపటలాడిస్తోంది.
బల్ల మీద చైనా మందుల పాత పుస్తకం.
ఎవరో ఇంగ్లీషులోకి దాటించారు,
అక్కణ్ణుంచి నేను తెలుగులోకి లాక్కుంటున్నాను.
రెండు ఏర్లు దాటొచ్చిన మాటలు,
ఇంకా అంచులు తడిగానే ఉన్నాయి:
గాలీ చలీ చెమ్మా ముగ్గురూ కలిసి
కీళ్లల్లో దూరి దారి మూసేస్తారట.
ఆ మూతపడ్డ దారి పేరే నొప్పట.

బోనులు కడిగే తిప్పక్కకి చదివి వినిపించాను.
పదిహేడేళ్లు కూలికి విత్తనం బుడ్డలు ఒలిచిన వేళ్లు
ఇప్పుడు చీపురుకట్ట చుట్టూ కలవవు.
పొద్దున్నే గంటసేపు పిడికిలి తెరుచుకోదు,
తెరుచుకున్నాక మూసుకోదు.
గాలి అంటే తలూపింది,
చలి అంటే సరేలే అంది,
చెమ్మ దగ్గర ఆగిపోయింది.
"మా కూడేరుకే నాలుగేండ్లుగా రాని చెమ్మ
నా కీళ్లల్లోకి యాడినుంచి వచ్చె మేడమ్?"

దీనికి నా దగ్గర రిఫరెన్సు లేదు.

పేజీ తిప్పితే వావిలాకు బొమ్మ.
"ఇది మా చేని గట్టుదే గదా,
వాళ్లెప్పుడొచ్చి కోసకపోయిరి?"
రోజూ రాత్రి ఆ ఆకే కాచి
దుప్పటి కప్పుకుని ఆవిరి పడుతుందట.
తెల్లారేదాకా బాగుంటుందట.
తెల్లారడమే బాగుండదట.

నేను పరీక్షిస్తున్నది మాత్రం వేరే.
పిడుగు దేవుడి తీగ అంటారు దాన్ని.
వేరుకి తోలు తీయకపోతే విషం,
తీశాక కూడా నమ్మడానికి లేదు.
కీలుని కాపాడే మోతాదుకీ
కాలేయాన్ని తినేసే మోతాదుకీ మధ్య
గోరంత సందు.
సీసా బీరువాలో పెట్టి తాళం వేస్తుంటే
"ఒలిచేది నాకొచ్చులే మేడమ్" అని నవ్వింది.
తాళం వేశాను.
ఇంకోసారి లాగి చూశాను.

సాయంత్రానికి నాలుగో గుంపులో
వాపు దాదాపు సగానికి దిగింది.
ఉండబట్టలేక ఆమెకే చెప్పాను మొదట.
"నొప్పి తగ్గెనా వాటికి?"
వాపు తగ్గింది తిప్పక్కా.
"అది గాదు నేనడిగింది."
పుస్తకంలో గళ్లన్నీ వెతికాను,
ఆ గడి గీసుకోవడమే మర్చిపోయాను.

ఆమె అప్పటికే మొదటి గుంపు బోను దగ్గరుంది,
మందు లేకుండా ఉత్తనీళ్లు తాగిన ఎలుకలవి.
పడమటెండ వాటి మీద పడుతోందని
రెండు మణికట్ల మధ్య బోను ఇరికించి ఎత్తి
నీడలోకి జరిపింది.

అన్ని గుంపులకీ ఒకే వెలుతురు, ఒకే వేడి ఉండాలి.
ఏది మారినా తేదీ వేసి రాయాలి.

పెన్ను మూత తీయలేదు నేను.