పిల్లి మీదికి నెట్టిన నేరం

పొద్దున్నే కోటు గుండీలు పెడుతుంటే
"మీరు చాలా మంచివారు" అంటాడు లూద్విక్.
"మా ఆవిడ వచ్చేస్తుంది, ఇంకాసేపు కూచోండి."
కూచుంటాను,
నలభై ఆరేళ్ళుగా కూచున్న కుర్చీలోనే
చుట్టపుచూపుగా.

మొదట్లో పోట్లాడేదాన్ని.
పెళ్ళి ఫొటో తెచ్చి ముక్కు కింద పెట్టి
"ఇదిగో, నేనే, నేజ్కాని" అని.
ఫొటోలో పిల్లని చూసేవాడు, నన్ను చూసేవాడు,
ఎవరి పరువో కాపాడుతున్నట్టు తల ఊపేవాడు.
ఆ ఫొటో ఇప్పుడు అల్మరాలో
దుప్పట్ల కింద ఉంది.

జూన్‌లో లిండెన్లు పూస్తాయి మా రాదోవ్లిత్సాలో.
చెయ్యి పట్టుకుని తేనెపెట్టెల కొట్టం దాకా నడిపిస్తాను.
అరవై ఉండేవి. ఇప్పుడు నాలుగు.
ఈగలు ఇల్లు పోల్చుకుంటాయని
ప్రతి పెట్టె ముఖానా నేను వేసిన బొమ్మలే:
పసుప్పచ్చ కోడి, గొడుగు పట్టిన ఎలుగుబంటి.
వానలకి ఎలుగు సగం చెరిగిపోయింది,
అయినా ఒక్క ఈగా పక్కింట్లో దూరదు.
వాటి మీద అసూయ పడ్డాను కాసేపు.

అతని చేతులు మాత్రం ఏదీ మరవలేదు.
మూత ఎత్తడం, పొగ రెండే ఊపులు.
"నెమ్మది. తొందరంటే వీటికి గిట్టదు."
ఎవరికి చెబుతున్నాడో తెలియకుండానే
నా మణికట్టు పట్టి ఆపుతాడు
కొత్తల్లో ఆపినట్టే.

ఇవాళ బల్లమీద కూచున్నాక గొంతు తగ్గించాడు:
"మా ఆవిడకి చెప్పనంటే ఒక మాట.
పెళ్ళైన ఏడు, మొదటి తేనె, పెద్ద జాడీ నిండా.
తనే పగలగొట్టి పిల్లి మీదికి నెట్టేసింది.
గాజుపెంకు ఒకటి ఆవిడ ఏప్రన్ జేబులో దొరికింది నాకు.
ఆవిడ వినేలా పిల్లినే తిట్టాను.
పాపం, తర్వాత దానికి మీగడ పెట్టాననుకోండి."

నలభై ఐదేళ్ళు!
ఆ జాడీ కోసం ఎన్ని ఆదివారాలు చర్చిలో
మోకాళ్ళు అరగదీసుకున్నానో.

"అడగలేదేం ఆవిణ్ణి?"
"అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి తనకి.
చూడ్డానికి బావుంటుంది."

స్కార్ఫ్ కిందికి లాక్కున్నాను.

రొట్టె మీద తేనె రాసి ఇస్తే
సగం తుంచి, కాగితంలో పొట్లం కట్టి
"ఇది మా ఆవిడకి" అని జేబులో పెట్టుకున్నాడు.

రాత్రి అతను నిద్రపోయాక
కోటు జేబులోంచి నా వాటా తీసుకుని
వంటింట్లో నిలబడి తిన్నాను.
కాగితానికి అంటిన తేనె కూడా వదల్లేదు.