మూడుంబావు లాంచి

రెండు ముక్కలై ఒచ్చింది.
కొల్లాపూర్ బస్టాండుల పార్సిల్ ఆఫీసు గోడకు ఒరిగి,
గోనెసంచి, సంచి మీద సైకిల్ ట్యూబు చుట్టి.
పీనుగనుకున్నడు హమాలి.
"ఎవలదన్నా?" అని గొంతు తగ్గించి అడిగిండు.

గరికిన ఎర్రయ్యది.
ఇరవై ఏండ్ల కింద సముద్రం దిక్కుకెల్లి
వల భుజానేసుకొని ఒచ్చి
సోమశిల ఒడ్డున కవర్ల గుడిసె ఏసుకున్న మనిషి.
మేనల్లుడు నూకరాజు రుషికొండ కాడ
పట్నపోళ్లకు అల మీద నిలబడుడు నేర్పుతడట.
విరిగినదాన్ని పారెయ్యబుద్ధిగాక పంపిండు.
"మావా, కూకోడానికి చెక్కగానన్నా పనికొస్తాది."

నేను పుట్టీలకు ఫైబర్ ఏసేటోణ్ణి.
ఆటో టాపులు, నీళ్ల ట్యాంకులు,
ఓసారి యక్షగానపోళ్ల హిరణ్యకశిపుని కిరీటం.
ఏది విరిగినా నాకొక్కటే.
సముద్రం మాత్రం చూడలే.

పాకల తలకిందులు ఏలాడదీసిన.
మూడు దినాలు కారింది
చుక్క, చుక్క,
లోపటి నురుగు తాగిన నీళ్లు.
నాలుగోనాడు ఎవరూ లేంది చూసి
ఒక చుక్క నాలికె మీదేసుకున్న.

ఉప్పు.

పైన మైనం. గీకితే కొబ్బరి వాసన.
మైనంల ఇసుక,
ఇసుకల ఎవరిదో కాలి బొటనేలు అచ్చు.

రెసిన్‌తోని పైలం. థర్మకోల్ అయితే
చక్కెరను చీమ తిన్నట్టు తింటది.
గోరంత ముక్క మీద ఒక బొట్టేసి
బయటికి పోయి ఒక బీడీ తాగొచ్చిన.
కరగలే.
సరె, బతకాలనే ఉన్నది దీనికి.

నడుమ సన్నటి కట్టెచీలిక, చేపముల్లు తీరు.
ముల్లుకు ముల్లు కలిపినంక చూస్తే
వెంట్రుకవాసి తేడా.
ఇప్పటికీ ఉన్నదది.
గాజుగుడ్డ కింద తన పాత వల ముక్క పెట్టమన్నడు ఎర్రయ్య.
దానితోని బలమేం రాదని చెప్పిన.
"బలానికి కాదులే" అన్నడు.
పెట్టిన.
తోకరెక్క ఎక్కడ్నో పోయింది.
నర్సింలు ఆటో బంపర్ల కోసి కొత్తది అతికిచ్చిన, పచ్చది.
దాని మీద "హార" దాక అక్షరాలున్నయి.
వారం దినాలు ముంజేతులు దురద.

సముద్రం లేనికాడ అలెక్కడిదంటరా?
ఉన్నది.
మూడుంబావుకు టూరిస్టు లాంచి
ఒంపు కాడ తిరుగుతది.
దాని ఎనుక మోకాలెత్తు నీళ్లు
మూడు మడతలు లేస్తయి.
మా పోరగాళ్లు ట్యూబులేసుకొని, ఐస్ డబ్బా మూతలేసుకొని,
ఒకడైతే పాత ఫ్రిజ్ తలుపేసుకొని
దానికోసం కూసుంటరు.
మా అలకు టైంటేబులున్నది.
ఆదివారం రెండు ట్రిప్పులు.

మేకలు కాసే జములమ్మకిచ్చిండు ఎర్రయ్య.
మేనల్లుని కొడుకున్నడు గదా అంటే
"దీనికి నీళ్లంటే బెదురు లేదురా" అన్నడు.
బోర్ల పండుకొని చేతులతోని తోసుకుంట పోయింది.
లాంచి తిరిగింది.
ఎర్రయ్య ఒడ్డుకెల్లి ఒర్రిండు,
"లెగు! లెగు!"
ఆమెకు ఆ మాట తెల్వదు.
ఏమన్నవ్ తాతా, అని తల తిప్పి పడ్డది.
రెండో మడతకు నేను ఒర్రిన, "లే!"

లేసింది.
ఒకటి,
రెండు,
మూడు,
నాలు

మునిగి తేలి, ముక్కు చీది, నవ్వుకుంట ఒచ్చింది.
అతుకు బరువైంది, ఎడమకు గుంజుతది.
సాఫు చేసిస్త తే పిల్లా అన్న.
"ఒద్దన్నా. నాకెరుకే. కుడికి ఒరుగుత."

ఇప్పుడు నీళ్లు దిగినయి. లాంచి బంద్.
ఒడ్డంత పగిలిన బురద.
పలక జములమ్మోళ్ల కొట్టం గోడకు ఒరిగున్నది.
పొద్దుగాల్ల అటుకెల్లి పోతుంటే
ఒక మేకపిల్ల దాన్ని నాకుతున్నది,
అతుకు కాడికెల్లి తోకదాక,
కండ్లు మూసుకొని.
పోరి చెమటకో,
మరి ఇంకేమన్న మిగిలిందో.