రెండో పూత

నలభై రెండు గోడలు.
సంగడిగుంట మొదలుకొని ఏటుకూరు రోడ్డు దాకా
పానకాలరావు పేరు రాసింది నేనే.
'రా'కి దీర్ఘం కాస్త సాగదీశాను,
మనిషి కూడా పొడుగే గదా అని.

టికెట్ ఆయనకే అనుకున్నాం.
ఆనందపేటలో టపాకాయలు కూడా కొనిపెట్టారు.
బీ ఫారం శేషుబాబు చేతికి వెళ్లింది.
ఆ రాత్రి రెండు గుంపులూ
ఒకే రంగు కండువాలతో కొట్టుకున్నాయి.
పెద్దాసుపత్రిలో కట్లు కట్టిన నర్సు
"మీరంతా ఒకటే పార్టీయా?" అని అడిగిందట.
మా బామ్మర్ది పళ్లు నూరుతూ
"అవునమ్మా" అన్నాడట.

మూడో రోజు శేషుబాబు మనుషులొచ్చారు.
"గిలక బొమ్మ ముట్టుకోకు, బాగా కుదిరింది.
పేరొక్కటీ మార్చు."
పేరొక్కటీ!
పాత బాకీ సంగతెత్తితే
"అది ఆయన్నే అడుగు" అన్నారు.
నాగూర్‌బీ వంటింట్లోంచే అంది:
"సున్నం డబ్బులు ముందు తీసుకో."

మా నాన్న మునిసిపాలిటీ చెత్తబండి తోలినవాడు.
గిలక మీద తప్ప ఇంకో బొమ్మ మీద ముద్ర వేసి ఎరగడు.
నిలబడిందెవరో ఒక్కోసారి ఆయనకి తెలిసేదే కాదు.
నాకలా కుదరదు. నాకు పేర్లు తెలుసు,
వాటి గుడులూ ఒత్తులూ తెలుసు,
ఏ అక్షరం దగ్గర మనిషి మురిసిపోతాడో తెలుసు.

తెల్లారగట్ల, మూడు వంతెనల దగ్గరి గోడ.
సున్నం కొడుతుంటే వెనక స్కూటర్ ఆగింది.
పానకాలరావు. కండువా లేదు. గడ్డం మాసింది.
చాలాసేపు దిగలేదు.
తన పేరు మీద నా కుంచె నడుస్తుంటే
చూస్తూ కూర్చున్నాడు,
గుండు చేయించుకునేవాడు
అద్దంలో చూసుకుంటున్నట్టు.

నేను నిచ్చెన దిగబోయాను. వద్దన్నాడు.
"ఆ 'రా' దగ్గర ఇంకో పూత వెయ్యి, బాజీ.
కనబడతా ఉంది."

వేశాను.
నిచ్చెన ఊగుతుంటే వచ్చి పట్టుకున్నాడు.
శేషుబాబుని తిట్టలేదు, పొగడలేదు.
సాయంత్రం మీటింగుకి వెళ్తారా అని నేనడగలేదు.
వెళ్లాడు. దండ వేశాడు.
పేపర్లో ఫోటో చూశాను,
చేతులు ముందే కలిసినట్టున్నాయి,
నవ్వు తర్వాత వచ్చినట్టుంది.

మా బామ్మర్ది ఇంకా కుట్లు తడుముకుంటున్నాడు.
"నోటా నొక్కుతా" అంటాడు
అన్నానికి ముందొకసారి, చెయ్యి కడుక్కున్నాక ఒకసారి.
"ఆయన మర్చిపోతే మర్చిపోయాడు,
దెబ్బలు తిన్నది నేను గదా బావా!"
దానికి నా దగ్గర జవాబు లేదు.
మజ్జిగ పోశాను.
పోలింగు ఇంకా పంతొమ్మిది రోజులుంది.

నిన్న రాత్రి చిన్న వాన పడింది.
పొద్దున్నే వెళ్లి చూస్తే
శేషుబాబు పేరు కింద, తడిసిన సున్నంలోంచి
నీలంగా నా పాత దీర్ఘం తేలింది.
టీ కొట్టు దగ్గర నలుగురు అటే చూస్తున్నారు,
ఎవరూ ఏమీ అనలేదు.
ఎండెక్కాక మాయమైంది.

మళ్లీ వాన పడితే
మూడో పూతకి డబ్బులెవరిస్తారని
నాగూర్‌బీ అడుగుతోంది.