ఒత్వం

కాగజ్‌నగర్ల
వెదురు ఉడికిన వాసన ఊరంతా కప్పుకొని పండేది.
రాత్రి షిఫ్టుల, కటింగ్ సెక్షన్ల, నా పక్కన
నిరాపద మండల్.
ఆపద లేనోడని పేరు పెట్టిందట తల్లి.
పడవల్నే కన్నదట, సరిహద్దు ఇంకా దాటకముందే.

అంచులు చినిగిన కాగితం, లెక్కల రానిది,
మళ్లీ గుజ్జుల కలపాల్సింది,
దాని మీద రాసేటోడు.
సూపర్‌వైజర్ చూస్తే చిత్తు లెక్కలనేటోడు.

ఇరవై ఏడు అచ్చయినయి, కలకత్తాల,
పిన్నులు కొట్టిన ఓ చిన్న పత్రికల.
పోస్టుల వచ్చిన ప్రతి సంచికా వాసన చూసి
"మన కాగితం కాదు ఓదేలూ" అనేటోడు
కొంచెం చిన్నబోయి.

ఆయన కవిత్వంల ఏమున్నదో నాకు తెల్వది.
చేప ఉన్నదని తెలుసు, దాని పేరు పలికేటప్పుడు గుటక మింగేటోడు.
పెద్దవాగు ఉన్నది.
రేషన్ కార్డుల తప్పుపడ్డ తండ్రి పేరున్నది.
మా అమ్మ పోసిన గటుక సుతం ఉన్నదట,
బెంగాలీల మాట దొరకక గటుకనే అని రాసిండట.

మిషన్ల మోతల పాడినట్టు కాదు,
అప్పు అడిగినట్టు చదివేటోడు, చెవికాడికొచ్చి.
నేను అట్టల మీద తెలుగు అక్షరాలల్ల దించుకునేటోన్ని.
అర్థం అడగలే.
సైరన్ కూసేది, లేసేటోళ్లం.

మిల్లు మూతపడ్డ ఏడాది
సైకిల్ మీద కూరగాయలమ్మిండు.
కరెంటు బిల్లుల ఎనుక రాసిండు.
తర్వాత ఊపిరితిత్తులల్ల ఏదో,
మంచిర్యాల దవాఖాన,
తిరిగొచ్చుడు ట్రాక్టర్ల.

మొన్న ఆ అట్టలు పట్టుకొని బెంగాలీ క్యాంపుకు పోయిన.
మనుమరాలు మౌటుసి, ఏడో తరగతి,
సర్కారు బడి, తెలుగు మీడియం.
తాత నోటుబుక్కు తలకిందులు పట్టుకున్నది.
నా అట్టలైతే గడగడ చదివింది.

శెఫాలి బౌది కత్తిపీట ముంగట కూసోని
బొచ్చె చేప పొలుసు గీకుతున్నది.
తలెత్తలే.
ఒకటో అట్ట అయిపాయె. రెండోది.
నీళ్ల కోసం గిన్నె ముంగటికి జరుపుకున్నది, అంతే.

నాలుగో అట్ట నడుమల చెయ్యి ఆగింది.
"నది కాదు," అన్నది, "నొది."

పిల్ల మళ్లీ చదివింది.
"నొది," అన్నదామె మళ్లీ,
పొలుసులంటిన మణికట్టుతోని ముక్కు తుడుచుకుంట.

మౌటుసి కంపాస్ డబ్బాల నుంచి పెన్సిల్ తీసుకొని
తలకట్టు కొట్టేసి
ఒత్వం పెట్టిన.